మానేశాక ఎక్కడ కూర్చోవాలి?

"సాయంత్రం కూర్చుందామా?" అని ఒక స్నేహితుడు ఇంకో స్నేహితుణ్ని అడిగితే తెలుగునాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ మాటలో మందు లేదు, సీసా లేదు, గ్లాసు లేదు. అయినా అర్థమైపోతుంది. కూర్చోవడం అనే మామూలు పనిని, సిట్టింగ్ అనే అరువు మాటను మనం తాగుడుకి రాసిచ్చేశాం. పెళ్లి కుదిరితే దావత్, ఉద్యోగం వస్తే పార్టీ. పొలం రిజిస్ట్రేషన్ అయినా, ఊళ్లో తగువు తెగినా, ఆఖరికి చావింట్లో దినం నాడు కూడా మగవాళ్లు నలుగురూ ఓ పక్కకి వెళ్లి కూర్చోవాల్సిందే. తాగుడు మానాలనుకున్న మనిషికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మందు మానిన రోజున అతను వదులుకునేది ఒక్క సీసాను కాదు. పదేళ్లుగా, ఇరవై ఏళ్లుగా పొద్దుగూకగానే కాళ్లు తమంతట తాము తీసుకెళ్లే చోటు, అక్కడ "ఏరా, ఇంత ఆలస్యం?" అని అడిగే మనుషులు, తన కష్టం చెప్పుకోవడానికి తెలిసిన ఒకే ఒక్క పద్ధతి, అన్నీ ఒకేసారి పోతాయి. మాన్పించడానికి మన దగ్గర చాలానే ఉన్నాయి. పిల్లల నెత్తిన చెయ్యి పెట్టించి వేయించే ఒట్లున్నాయి, పసర్లున్నాయి, మాత్రలున్నాయి, డీ-అడిక్షన్ సెంటర్లున్నాయి, ఒకప్పుడు చట్టమే ఉండేది. మానినవాడు మర్నాడు సాయంత్రం ఎక్కడికెళ్లి కూర్చోవాలన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. తాగుడు మానినవాళ్లు, మానాలనుకుంటున్నవాళ్లు కలిసి కూర్చునే సహాయక బృందం ఆ లోటు తీర్చడానికి పుట్టింది. చికిత్స అయిపోయాక ఇష్టమైతే వెళ్లే అదనపు కార్యక్రమంగా కాక, చికిత్సలో సగంగా దాన్ని చూడాలన్నది ఈ కథనం వాదన.

ఏటా కార్తీకం వచ్చిందంటే ఇందుకు రుజువు మన వీధుల్లోనే నల్లబట్టలు కట్టుకుని తిరుగుతుంది. "వీడి వల్ల కాదు" అని ఇంటిల్లిపాదీ ఆశ వదిలేసుకున్న మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం పీఠం దగ్గర భజన, మధ్యలో ఎవరింట్లోనో పడిపూజ, రాత్రి నేలపడక. మొన్నటిదాకా ఒరేయ్ అన్నవాళ్లు స్వామీ అంటారు. కట్టుకున్న భార్యా స్వామీ అనే పిలుస్తుంది. దావత్‌కి పిలిచినవాడితో "మాలలో ఉన్నాను" అంటే చాలు, రెండోసారి బలవంతం చేయడు. శబరిమల వెళ్లి వచ్చి మాల తీశాక ఏం జరుగుతుందో చాలా ఇళ్లలో ఆడవాళ్లకు బాగా తెలుసు. "నలభై రోజులు మానినవాడు ఇప్పుడెందుకు మానలేడు? మనసు లేదు, అంతే" అన్న తీర్పు అప్పుడే పడిపోతుంది.

ఆ తీర్పులో న్యాయం లేదు. దీక్షలో అతనికి ఏమేం దొరికాయో ఒకసారి లెక్కేయండి. కూర్చోవడానికి వేరే చోటు దొరికింది. అదే నియమంలో ఉన్న పదిమంది తోడు దొరికారు. అంతకుముందే పదిసార్లు కొండెక్కిన గురుస్వామి ఒకరు దొరికారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా రోజుకి ఒక ఆకారం వచ్చింది. కొత్త పేరు వచ్చింది. వద్దు అని చెప్పడానికి ఎవరూ తప్పుపట్టలేని కారణం వచ్చింది. మాల తీసిన పూట ఇవన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. మనిషి అదే మనిషి, మనసూ అదే మనసు. మారింది చుట్టూ ఉన్న మనుషులు. నలభై ఒక్క రోజుల దీక్ష అతని సంకల్ప బలాన్ని ఎంత చూపించిందో, ఆ సంకల్పాన్ని పట్టి నిలబెట్టిన సమూహం బలాన్నీ అంతే చూపించింది. నలభై రెండో రోజు నుంచి అలాంటి సమూహం ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న మనకు తట్టకపోవడమే విచిత్రం.

దీక్ష లేకుండానే రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకసారి మానాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 4న, తెలంగాణలో మే 6న తెరుచుకునే దాకా దాదాపు ఆరు వారాలు. అన్ని రోజులు మందు లేకుండా గడిపినవాళ్లు తెరిచిన పొద్దున్నే ఎండలో బారులు తీరారు. ఒంట్లోంచి మందు పోవడానికి ఆరు వారాలు చాలా ఎక్కువే. బతుకులోంచి పోవడానికి ఆ ఆరు వారాలు ఎందుకూ సరిపోలేదు. ఆ రోజులు ఇంకో పాఠం కూడా చెప్పాయి, దాన్ని ఇక్కడే చెప్పుకోవాలి. మందు దొరక్క చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివి కనబడుతున్నాయని కేకలు వేస్తూ ఎందరో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వచ్చారు. అంతకు అయిదేళ్ల ముందు, 2015లో, తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడూ ఇదే కథ. ఆ కల్లులో కలిపిన క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం ఒక్కసారిగా ఆగిపోయి పల్లెలకు పల్లెలు అల్లాడాయి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి ప్రాణం మీదకే రావచ్చు. కాబట్టి తొలి వారం డాక్టరుది. విటమిన్ బి1 ఇంజెక్షన్లు, వణుకు తగ్గించే మాత్రలు, అవసరమైతే ఆస్పత్రి మంచం. ఏ బృందమూ ఆ పని చేయలేదు, చేస్తామని చెప్పకూడదు కూడా.

కానీ ఆ తొలి వారం తర్వాత? ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 16 కోట్ల మంది తాగుతున్నారు. వాళ్లలో సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లు. అందులోనూ మందుకు పూర్తిగా బానిసలైనవాళ్లు 2.9 కోట్లు. ఈ చివరి వర్గంలో ఏదో ఒక చికిత్స అందినవాళ్లు 38 మందిలో ఒక్కరు. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశం మొత్తం మీద 19 శాతం లోపే ఉంటే, తెలంగాణలో 43 శాతం ఉన్నారు. అమ్మేచోట్లకు మాత్రం లోటు లేదు. తెలంగాణలో లైసెన్సున్న దుకాణాలు 2,620. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు విధానంతో తెరిచినవి 3,396, క్వార్టర్ 99 రూపాయలకే దొరికే ఏర్పాటుతో సహా. బెల్టుషాపులు ఈ లెక్కలో లేవు. ఇన్ని చోట్ల కూర్చోబెట్టి తాగించే వ్యవస్థకు ఎదురుగా, తాగకుండా కూర్చునే చోట్లు రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టాలనుకుంటే పెద్ద నగరాలు దాటాక వేళ్లు ముడవాల్సిన పని పెద్దగా ఉండదు.

అలాంటి చోటు పుట్టిన తీరు తెలుసుకోదగ్గది. 1935 మే నెలలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్టణంలో, బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ బ్రోకరు ఒక హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు. వచ్చిన వ్యాపారం చెడింది. మందు మాని అయిదు నెలలు. లాబీకి ఒక చివర బార్, గ్లాసుల చప్పుడు. రెండో చివర టెలిఫోను, దాని పక్కన ఊళ్లోని చర్చిల జాబితా. ఆ అయిదు నెలల్లో ఎందరో తాగుబోతుల్ని మాన్పించాలని చూశాడు, ఒక్కడూ మానలేదు. ఆ ప్రయత్నం చేస్తున్నంత కాలం తను మాత్రం తాగలేదన్న సంగతి అప్పుడే గుర్తుకొచ్చింది. ఫోను దగ్గరికి నడిచాడు. ఒకరి ద్వారా ఒకరు, చివరికి ఆ ఊళ్లోనే తాగుడుతో బతుకు పాడు చేసుకుంటున్న డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. పదిహేను నిమిషాలు మాత్రమే కూర్చుంటానని షరతు పెట్టి వచ్చిన ఆ డాక్టరు రాత్రి పొద్దుపోయేదాకా లేవలేదు. అప్పటికి అందరూ ఆయనకి నీతులు చెప్పినవాళ్లే. బిల్ ఏ నీతీ చెప్పలేదు, తన కథ తను చెప్పుకున్నాడు. "నిన్ను బాగుచేయడానికి రాలేదు, నేను తాగకుండా ఉండటానికి నువ్వు కావాలి" అన్నది ఆ రాత్రి సారాంశం. డాక్టర్ బాబ్ చివరి చుక్క తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. ఏఏ అని అందరూ పిలిచే ఆ సంస్థ 1957లో మన దేశానికి వచ్చింది. హైదరాబాద్, సికింద్రాబాద్ లాంటి చోట్ల దాని బృందాలు ఎప్పటినుంచో నడుస్తున్నాయి.

ఇంతకీ ఆ గదిలో ఏం జరుగుతుంది? బయట పెద్ద బోర్డు ఉండదు. స్కూలు గదో, చర్చి పక్కన హాలో, ఆస్పత్రి మేడ మీద ఒక మూలో ఉంటుంది. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లాస్కు, కాగితం కప్పులు. మానిన తొలి రోజుల్లో ఉన్నవాడికి టీ అందించేటప్పుడు తెలిసినవాళ్లు కప్పు సగమే పోస్తారు. నిండా పోస్తే ఆ వణికే చేతిలోంచి ఒలుకుతుందని, ఒలికితే అతను సిగ్గుపడి మళ్లీ రాడని వాళ్లకి తెలుసు. ఒకప్పుడు వాళ్ల చేతులూ అలాగే వణికాయి. ఒకరు లేచి పేరు చెబుతారు, నేను ఆల్కహాలిక్‌ని అంటారు, మూడు నాలుగు నిమిషాలు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, తప్పుపట్టరు, తర్వాత కూడా "నువ్వలా చేయాల్సింది కాదు" అనరు. ప్రతివాడూ నేను అనే మొదలుపెట్టాలి, నువ్వు అనకూడదు. మనకిది ఎంత కొత్త పద్ధతో ఆలోచించండి. తాగేవాడికి మన దగ్గర దొరికేదల్లా ఉపదేశమే. అత్తింటివారి పంచాయతీలో, పెద్దమనుషుల ముందు, మేనమామ ఇంట్లో, అందరూ చెప్పేవాళ్లే, వినేవాడు ఒక్కడే. ఈ గదిలో అది తలకిందులు. మాట్లాడటం ఇష్టం లేకపోతే ఊరికే కూర్చుని రావచ్చు. చివర్లో ఒక సంచో గిన్నెనో తిరుగుతుంది, ఉన్నవాళ్లు పదో పరకో వేస్తారు, లేనివాళ్లు పక్కకి అందిస్తారు. చేరడానికి రుసుం లేదు, హాజరు పట్టీ లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, అదొక్కటే అర్హత.

ఇదంతా వినడానికి బాగానే ఉంది, పనిచేస్తుందన్న ఆధారం ఏదని అడిగేవాళ్ల ప్రశ్న న్యాయమైనది. 2006లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష ఏఏ పనిచేస్తుందని ఖచ్చితంగా చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. విమర్శకులు దాన్ని చాలా ఏళ్లు ఉదహరించారు. 2020లో అదే సంస్థ మళ్లీ సమీక్ష చేసింది. ఈసారి 27 అధ్యయనాలు, 10,565 మంది. మనిషిని ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా మాని ఉన్నవాళ్లు 42 శాతం, ఇతర చికిత్సలు తీసుకున్నవాళ్లలో 35 శాతం. ఈ అంకెను అటూ ఇటూ సాగదీయకుండా చూడాలి. సగం కంటే ఎక్కువమంది ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తాగారనేది నిజం. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావన్నదీ నిజం. పోలిక మాత్రం ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లతో కాదు, శిక్షణ పొందిన నిపుణులు చేసే మంచి చికిత్సలతో. వాటితో పోటీపడి ఒక ఉచిత కుర్చీల వలయం నిలబడిందంటే, ఖర్చు కూడా తగ్గించిందంటే, మానసిక వైద్యులు చాలినంత మంది లేని మనలాంటి చోట దాన్ని కాదనుకునే స్తోమత ఎవరికుంది?

"మానాలని గట్టిగా అనుకున్నవాళ్లే అక్కడికి వెళ్తారు, వాళ్లు ఎలాగూ మానేవాళ్లే" అనేది రెండో అనుమానం. 2014లో కీత్ హంఫ్రీస్, ఆయన సహచరులు దీన్నే పరీక్షించారు. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా విభజించిన పాత ప్రయోగాల లెక్కలు తీసుకుని, సొంత పట్టుదల ప్రభావాన్ని విడదీసి చూశారు. అది తీసేశాక కూడా సమావేశాలకు వెళ్లడం వల్ల తాగని రోజులు పెరిగాయని తేలింది. ఇంకా ఆసక్తికరమైన పని జాన్ కెల్లీ అనే పరిశోధకుడిది. ఏఏ ఎందుకు పనిచేస్తుందని ఆయన బృందం తవ్వి చూస్తే, పైకి కనబడే ఆధ్యాత్మికత కన్నా ముందు వరుసలో తేలింది వేరే సంగతి. తాగే స్నేహితులు తగ్గి తాగని స్నేహితులు పెరగడం, పదిమందిలో ఉన్నప్పుడు వద్దు అనగలనన్న నమ్మకం కుదరడం. మాల వేసుకున్న మనిషికి మన వీధిలో దొరికినవి సరిగ్గా ఇవే.

దేవుడి గురించిన అభ్యంతరం కూడా ఇక్కడే చూడాలి. కోలుకోవడానికి ఏఏ చూపే పన్నెండు మెట్లలో తనకన్నా గొప్ప శక్తిని నమ్మడం ఒక భాగం. గోరా నాస్తిక కేంద్రం నడిచిన నేల మనది. హేతువాదులు దీన్ని ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. దేవుణ్ని ఎవరికి అర్థమైనట్టు వాళ్లు అనుకోవచ్చని తొలినాళ్లలోనే మాట చేర్చారు, తన బృందాన్నే ఆ గొప్ప శక్తిగా భావించుకుని మానినవాళ్లున్నారు. అదీ మింగుడుపడకపోతే దేవుడి ఊసే లేని దారులున్నాయి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ మనసు పనిచేసే తీరును అర్థం చేసుకుని అలవాటును మార్చుకునే పద్ధతుల మీద నడుస్తుంది. నమ్మకం కుదరని గదిలో బలవంతాన కూర్చోనక్కర్లేదు, కుదిరే గదిని వెతుక్కోవాలి. డాక్టర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా బరువైనది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ లాంటి మందులు నిజంగా సాయపడతాయి. కొన్ని బృందాల్లో కొందరు పాతకాపులు "మాత్రలు వాడితే మానినట్టు కాదు" అంటూ మాన్పించబోతారు. అది తప్పు, ప్రమాదం కూడా. సభ్యులు డాక్టర్ల అవతారం ఎత్తకూడదని ఏఏ సొంత ప్రచురణలే చెబుతున్నాయి. ఇళ్లలో జరిగే ఇంకో పొరపాటునూ ఇదే చేత్తో ఆపాలి. డైసల్ఫిరామ్‌ని భర్తకు తెలియకుండా సాంబారులో కలిపి పెట్టడం. దాని మీద మందు తాగితే గుండె ఆగే ప్రమాదం ఉంది. ఎంత విసిగిపోయి ఆ పని చేస్తారో అర్థం చేసుకోగలం, కానీ చేయకూడదు.

నా దృష్టిలో అసలు కష్టమైన అభ్యంతరం వేరే ఉంది. ఇది అమెరికా నగరాల కోసం కుట్టిన చొక్కా, మనకు పడుతుందా? పేరు దాచుకోవడం దాని మూల సూత్రం. మండల కేంద్రంలో పేరు దాచుకోవడం ఎలా? నిజానికి అక్కడ తాగుతాడన్న సంగతి వీధి వీధికీ తెలుసు, దాచడానికేం మిగల్లేదు. సిగ్గు తాగుడుకి లేదు, చికిత్సకు ఉంది. ఎర్రగడ్డ అన్న పేరే తిట్టయిపోయిన చోట, బాగుపడటానికి వెళ్లడమే పరువు తక్కువ. కాబట్టి ఇక్కడ కాపాడాల్సింది ఎవరొచ్చారన్న రహస్యం కన్నా, వచ్చినవాడు ఏం చెప్పుకున్నాడన్న రహస్యం. ఒకటి మాత్రం మనకే ప్రత్యేకంగా పనికొస్తుంది. ఆ గదిలో ఇంటిపేరు అడగరు. ఇంటిపేరు అడగడం, ఊరు అడగడం, ఎవరి తాలూకు అని అడగడం మనదగ్గర ఏం తెలుసుకోవడానికో అందరికీ తెలుసు. సొంత పేరు ఒక్కటే చెప్పి కూర్చునే చోట్లు మనకు చాలా తక్కువ, అందుకే ఆ నియమాన్ని ఇక్కడ ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

చొక్కాను తిప్పి కుట్టుకున్నవాళ్లు ఉన్నారు. జపాన్‌లో 1963లో దేశవ్యాప్త సమాఖ్యగా ఏర్పడిన దాన్షుకై సంఘాలు పేరు దాచుకునే నియమాన్నే పక్కన పెట్టాయి. అక్కడ భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుంటారు, ఆయన తన మాట చెప్పాక ఆమె తన మాట చెబుతుంది. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో 1964లో వ్లదిమిర్ హుదోలిన్ అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన క్లబ్బుల్లో కుటుంబం మొత్తం సభ్యులే. ఆ పద్ధతి తర్వాత ఇటలీలో వేళ్లూనుకుంది. పక్కనే చెన్నై ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో అక్కడ టీటీ రంగనాథన్ ఫౌండేషన్ ఆస్పత్రి స్థాపించారు. కుటుంబానికి కూడా చికిత్సలో భాగం ఇవ్వడం, ఆస్పత్రికి రాలేని రైతుకూలీల కోసం మంజక్కుడి లాంటి పల్లెల్లోనే శిబిరం పెట్టడం ఆమె చూపిన దారి. మగవాడి తాగుడును ఇల్లంతా కలిసి మోసే మన సమాజానికి ఈ నమూనాలు దగ్గరగా ఉన్నాయి.

భాష సంగతీ ఇంతే. పన్నెండు మెట్లను పుస్తక భాషలోకి తెచ్చి శక్తిహీనత, సమర్పణ అని చదివితే ఎవరికీ ఏమీ అంటదు. లొంగిపోవడం అంటే పోలీసు స్టేషన్ గుర్తొస్తుంది, శరణాగతి అంటే గుడి గుర్తొస్తుంది. అదే మనిషి సొంత మాటల్లో "దీని ముందు నేను చేతులెత్తేశానన్నా" అంటాడు. మొదటి మెట్టు అదే. పగ, ద్వేషం గురించి రాసిన మెట్టు దగ్గర అన్నదమ్ముల గట్టు తగాదా, అల్లుడికి జరగని మర్యాద, అప్పిచ్చినవాడి ముందు పడ్డ మాట బయటికొస్తాయి. కడుపుమంట, ఉక్రోషం అన్న మాటలు అక్కడ చాలినంత పని చేస్తాయి. ఆదిలాబాద్ మాటలో, శ్రీకాకుళం యాసలో తన కథ చెప్పుకునే వీలు లేని బృందం ఎంత శాస్త్రీయమైనదైనా సగమే పనిచేస్తుంది.

ఆడవాళ్ల గురించి రెండు విధాలుగా మాట్లాడాలి. తాగే ఆడవాళ్లు లేనట్టే మన చర్చలన్నీ నడుస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో 6.7 శాతం తాగుతామని చెప్పారు, దేశ సగటు 1.3 శాతమే. పాతికమంది మగవాళ్ల మధ్య కుర్చీలో ఒంటరిగా కూర్చుని మాట్లాడమంటే ఆమె రెండోసారి రాదు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ల బలహీనతను వాడుకోవాలని చూసేవాళ్లు ఏ దేశపు బృందాల్లోనైనా ఉంటారు. ఆడవాళ్లకు విడిగా సమావేశం, ఆడవాళ్లకు ఆడవాళ్లే స్పాన్సర్లు, అంటే చెయ్యి పట్టి నడిపించే పాత సభ్యులు, అనే పద్ధతి అందుకే తప్పనిసరి కావాలి. ఇక తాగేవాళ్ల భార్యలు. "నువ్వు సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడు" అన్న మాట అత్తగారి నోటే కాదు, ఒక్కోసారి కన్నతల్లి నోటా వస్తుంది. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరో స్నేహితురాలితో కలిసి కుటుంబాల కోసం అల్-అనాన్ మొదలుపెట్టింది. భర్త తాగుడుకి కారణం తను కాదని, దాన్ని ఆపే బాధ్యత తన ఒక్కదానిదే కాదని ఒక ఆడమనిషి సాటి ఆడవాళ్ల నోట వినడం ఆ గదిలో జరిగే పని. భర్త మానినా మానకపోయినా ఆమె రాత్రిళ్లు నిద్రపోవడానికి అది కావాలి.

"ముందు దుకాణాలు మూయండి, తర్వాత ఈ కబుర్లు చెప్పండి" అనేవాళ్లకు ఏం జవాబు? వాళ్ల కోపం సమంజసమే. ఒక చేత్తో టార్గెట్లు పెట్టి అమ్మిస్తూ రెండో చేత్తో అవగాహన సదస్సులు పెట్టే ప్రభుత్వాలను ఎవరు నమ్ముతారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం పోయింది. ఎందుకు పోయిందన్నదానిపై ఖజానా కథలు చాలా రాశారు. అప్పటికే బానిసలైనవాళ్లను ఎవరు ఎక్కడ కూర్చోబెట్టి నిలబెట్టారన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. నిషేధం సరఫరాను ఆపుతుంది, దాహాన్ని కాదు. దూబగుంటలో ఇంకో సంగతి గమనించాలి. ఆ ఆడవాళ్లు పోరాటం కోసమని మొదట కూడలేదు. అక్షరాస్యత ఉద్యమంలో చదువుకోవడానికి సాయంత్రాలు ఒకచోట కూర్చున్నారు. కూర్చుని మాట్లాడుకోవడం మొదలయ్యాక తమ బాధ ఒక్కరిది కాదని తెలిసింది. దుకాణాలు తగ్గించమని అడగడం, బృందాలు పెంచమని అడగడం ఒకదానికొకటి అడ్డు కావు. రెండూ అలా కలిసి కూర్చున్న చోటే పుడతాయి.

ఇంతకీ ఎలా వెతుక్కోవాలి? మత్తు పదార్థాల నుంచి బయటపడేందుకు కేంద్రం నడిపే 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416, రెండూ ఉచితం, టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వ బోధనాస్పత్రుల మానసిక విభాగాల్లో అడిగితే దగ్గరి బృందం వివరం చెబుతారు. ఏఏకి సొంత హెల్ప్‌లైన్లు ఉన్నాయి. కరోనా తర్వాత ఫోన్‌లోనే జరిగే సమావేశాలు మిగిలాయి కాబట్టి ఊళ్లో గది లేనివాళ్లు, పరాయి దేశంలో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు కూడా చేరగలుగుతున్నారు. ఇంటివాళ్లు ఒకసారి వెళ్లి చూడాలనుకుంటే అందరికీ తెరిచి ఉండే సమావేశం ఏ రోజో అడగాలి; కొన్ని తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. మొదటి గది నచ్చకపోతే రెండోది, మూడోది చూడాలి. తొలి తొంభై రోజుల్లో తొంభై సమావేశాలన్నది ఏఏలో పాత అలవాటు, మన దగ్గర అన్ని దొరకవు, దొరికినన్ని చాలు. ఒక గుర్తు మాత్రం మరవొద్దు. చేర్చుకోవడానికి వేలు అడిగితే, తలుపుకి బయట గొళ్లెం పెడితే, కొడితే, అది బృందం కాదు. కొన్ని ప్రైవేటు సెంటర్లలో జరిగే ఈ పనులకు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒప్పుకోదు. ఇక మధ్యలో మళ్లీ తాగినవాడి సంగతి. ఇంట్లో అది మోసం, ఊళ్లో అది నవ్వులాట. బృందంలో మాత్రం అతను వచ్చి "నిన్న తాగాను" అంటాడు, "మళ్లీ వచ్చావు, కూర్చో" అంటారు. లెక్క ఒకటో రోజు నుంచి మొదలవుతుంది, కుర్చీ మాత్రం అదే.

చివరగా ఒక చిన్న ప్రయోగం గురించి. 1981లో అమెరికాలో సిసన్, మాలమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు చికిత్సలో ఉన్న ఇరవై మందిని రెండుగా విడదీశారు. పదిమందికి మామూలుగా చెప్పారు: ఫలానా చోట సమావేశం జరుగుతుంది, వెళ్లండి, మంచిది. మిగతా పదిమందికి కౌన్సెలర్ వాళ్ల ముందే ఒక ఏఏ సభ్యుడికి ఫోన్ చేసి మాట్లాడించాడు. ఆ సభ్యుడు తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. మొదటి పదిమందిలో ఒక్కరూ వెళ్లలేదు. రెండో పదిమందీ వెళ్లారు. మన ఆస్పత్రుల్లో డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ రాస్తారు, సంతకం పెడతారు, ఆటో ఎక్కిస్తారు. ఆ ఆటో ఇంటికి వెళ్లే దారిలో ఎన్ని మద్యం దుకాణాల బోర్డులు దాటాలో రోగికీ తెలుసు, నర్సుకీ తెలుసు. ఆ కాగితం చేతిలో పెట్టే ముందు, రోగి ఎదురుగానే ఒక ఫోన్ చేసి "రేపు సాయంత్రం ఆరున్నరకి వీరిని తీసుకెళ్లడానికి ఎవరొస్తారు?" అని అడిగే పని మానసిక విభాగం నర్సుదా, సోషల్ వర్కర్‌దా, పల్లెలో అయితే ఆశా కార్యకర్తదా అన్నది తేల్చి ఆ పేరు కూడా ఆ కాగితం మీదే రాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేని ఊరైతే, ఇద్దరు దొరికితే అది బృందమేనని ఏఏ నియమం. ఇద్దరు, రెండు కుర్చీలు, సగం పోసిన టీ.